నమలకుండా మింగిన ముద్ద

మా ఊరు కర్ణాటకలో చింతామణికీ శిడ్లఘట్టకీ మధ్య ఉంది. ఊళ్లో సగం ఇళ్లవాళ్లు మల్బరీ పెంచి పట్టుపురుగులు మేపుతారు. కొందరు ఆ పురుగులు అల్లిన గూళ్లు కొని దారం తీస్తారు. మాది దారం తీసే ఇల్లు. షెడ్డులో తొట్టి ముందు కూర్చుని గూడుని వేడినీళ్లలో వేసి, కొస పట్టుకుని దారమంతా లాగేశాక, నీళ్లలో చివరికి మిగిలేది లోపలి పురుగు. ఉడికి గోధుమరంగు తిరిగి, చిటికెన వేలి కణుపంత ఉంటుంది. దాన్ని జల్లెడతో ఎత్తి గోడపక్కన కుప్ప పోస్తారు. కోళ్ల దాణాకని ఎవరో వచ్చి తీసుకుపోయేదాకా ఆ కుప్ప అక్కడే ఉంటుంది. దానికి వాసన ఉందని బయటివాళ్లు చెబితే తప్ప మాకు తెలియదు.

అక్క చిన్నప్పటి నుంచి ఆ తొట్టి ముందే కూర్చుంది. పెళ్లి చేసి బాగేపల్లి వైపు పంపితే, ఏడాది తిరక్కుండా వెనక్కి వచ్చి మళ్లీ అదే తొట్టి ముందు కూర్చుంది. ఎందుకు వచ్చిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. తనూ చెప్పలేదు. నన్ను చిక్కబళ్లాపురంలో డిగ్రీ చదివించింది తనే. పొద్దున బస్సుకి నేను బయలుదేరేటప్పటికే షెడ్డులోంచి ఆమె దగ్గు వినపడేది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత బిందె ఎత్తలేకపోవడం. షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి అది ఉండేది. దానికి ఎవరూ పెద్దగా పేరు పెట్టలేదు. దమ్ము అనేవాళ్లు, అంతే.

అక్క పోయింది ఒక మధ్యాహ్నం. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి ఉంది. "నీళ్లు తాగుతావా" అంటే పలకలేదు. "ఆటో వస్తాండాది" అంటే పలకలేదు. పెదవులు నల్లబడ్డాయి. కళ్లు తెరిచే ఉన్నా నన్ను చూస్తున్నట్టు లేవు. ఆటోలో ఆమె తల నా భుజం మీద పెట్టుకుని చింతామణి ఆసుపత్రి దాకా పోయాను. అక్కడ డాక్టరు ఆమె చేయి పట్టుకుని చూసి, మా అమ్మ వైపు తిరగకుండా నా వైపు తిరిగాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, అక్క తొట్టిలో మిగిలిన నీళ్లు పారబోస్తుంటే నా చేతులంతా దద్దుర్లు లేచాయి. కనురెప్పలు వాచి కళ్లు మూసుకుపోయాయి. చిక్కబళ్లాపురంలో ఒక డాక్టరు నా ముంజేతి మీద సూదితో వరసగా గుచ్చి, ఒక్కో గాటు మీద ఒక్కో చుక్క వేసి, గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట మాత్రం రూపాయి బిళ్లంత వాపు లేచింది. అది ఆ పురుగు తాలూకు చుక్క.

"మీ అక్కకి ఊపిరితిత్తులకి పట్టింది, మీకు ఒంటికి కూడా పట్టింది. ఆ షెడ్డులోకి పోవద్దు" అన్నాడు. ఆయాసం వస్తే పీల్చమని ఇన్‌హేలర్‌కి చీటీ రాస్తూ, "నోట్లోకి మాత్రం పోనివ్వొద్దు. గొంతు మూసుకుపోతుంది. ఎవరూ తినేది కాదు కాబట్టి ఆ భయం లేదులెండి" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నేను పనిచేసేది చాకీ కేంద్రంలో. గుడ్లు పగిలి బయటికి వచ్చిన పసి పురుగులని కొద్దిరోజులు పెంచి రైతులకి ఇస్తాం. అక్కడ లేత ఆకు, చల్లని గది, సున్నం తప్ప ఇంకేమీ ఉండవు. గూళ్లు మా దాకా రావు. అందుకే ఆ పని వదలకుండా పట్టుకున్నాను. గుడ్లు అమ్మే ఒక సంస్థ, కేంద్రాల్లో పనిచేసేవాళ్లలో ఒకరిని, మంచి పంట తీసిన రైతుని ఒకరిని థాయ్‌లాండుకి పట్టు పని నేర్చుకునే రెండు నెలల తరబేతుకి పంపుతాం, పోతారా అని అడిగినప్పుడు, ఇంట్లో అక్క చావు ఇంకా పచ్చిగానే ఉంది. అమ్మ ఒక్క మాట అంది. "పో. ఈ షెడ్డుకి దూరంగానన్నా ఉంటావు."

రైతుగా వచ్చినాయన బాగేపల్లి తాలూకావాడు. యాభై దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. విమానంలో కూడా చెప్పులు విప్పి కింద పెట్టుకున్నాడు. తెలుగూ కన్నడమూ తప్ప ఇంకో భాష రాదు, దానికి ఆయన దిగులూ పడలేదు. వాళ్లు ఏం చెప్పినా "ఊఁ" అని తలూపి, తర్వాత నా వైపు తిరిగి "ఏమంటాండాడమ్మా?" అనేవాడు. నాకు వచ్చిన కొంచెం ఇంగ్లీషే మాకిద్దరికీ ఆధారం.

మమ్మల్ని ఉంచింది ఈశాన్యం వైపు ఒక పల్లెలో. వరి పొలాలు, మల్బరీ, స్తంభాల మీద కట్టిన చెక్క ఇళ్లు. ఇళ్ల కింద నీడలో మగ్గాలు. తరబేతు ఇచ్చే సంస్థ తరపున ఒక అమ్మాయి మాతో ఉండేది, వాళ్ల మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి. మొదటి రోజే ఆమె మమ్మల్ని దారం తీసే ఒక పెద్దామె దగ్గరికి తీసుకుపోయింది. పెద్దామెకి డెబ్బై ఏళ్లు ఉండొచ్చు. బొగ్గుల పొయ్యి మీద మట్టికుండ, కుండలో పసుపు గూళ్లు, చేత్తోనే దారం లాగి బుట్టలోకి వదులుతోంది. మా అక్క చేసే పనే. ఆవిరి నా వైపు రాకుండా గాలికి ఎదురు పక్కకి జరిగి నిలబడ్డాను.

దారం అయిపోయిన పురుగుని ఆమె పుల్లతో కుండలోంచి ఎత్తి, ఊది, నోట్లో వేసుకుంది. ఇంకోటి ఎత్తి నా వైపు చాచింది.

నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను. నా వీపు వెనక మగ్గం కొయ్య తగిలింది. పెద్దామె నవ్వి, ఆ పురుగు కూడా తనే తినేసింది. బాగేపల్లాయన నా ముఖం చూసి, "ఏమ్మా, అట్లా తెల్లబోయినావు?" అన్నాడు.

డాక్టరు చెప్పిన మాట ఆయనకి ఆ సాయంత్రమే చెప్పాను. ఎవరో ఒకరికి తెలిసి ఉండాలనిపించింది. ఆయన "అట్లయితే నీ తట్టలో ఏం పడేది ముందు నేను చూస్తా. నేను తిని బతికితేనే నువ్వు తిను" అన్నాడు.

"మీరు తింటే ఏమీ కాదప్పా. నాకే అయ్యేది."

"అది నిజమే" అని ఒప్పుకున్నాడు. "మా ఇంటామె కూడా ఇట్లే అంటాది, నీకు ఏం పెట్టినా అరిగిపోతాదని."

అక్క పోయి ఏడాది కాలేదు కాబట్టి నేను మాంసం, చేప ముట్టడం లేదు. ఆ మాట తరబేతు అమ్మాయికి చెబితే సులువుగా అర్థమైంది. వాళ్లలోనూ అటువంటి మొక్కులు ఉన్నాయట. ప్రతి పూటా ఆమె వంటవాళ్లని అడిగి, "మాంసం లేదు, చేప లేదు" అని నాకు చెప్పేది. పురుగు గురించి నేను విడిగా అడగలేదు. దాన్ని ఎక్కడ పెట్టినా కంటికి కనిపిస్తుందని నా ధీమా. కళాయిలో వేయించినవి, పళ్లెంలో కుప్ప పోసినవి సంతలో రోజూ చూస్తూనే ఉన్నాను. చూసినప్పుడల్లా పక్కకి తిరిగి నడిచేదాన్ని. ఆ సంతలో నడుస్తున్నంతసేపూ నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి పీల్చేదాన్ని. రాత్రి పడుకునే ముందు గొంతు తడుముకుని చూసుకునే అలవాటు అక్కడే మొదలైంది.

భాద్రపదం పున్నమికి వాళ్లకి పండగ. చనిపోయినవాళ్ల కోసం అన్నం పొట్లాలు కట్టి గుడికి తీసుకుపోతారని తరబేతు అమ్మాయి చెప్పింది. మా వైపు ఆ పున్నమి మరుసటి రోజు నుంచే పితృపక్షం మొదలవుతుంది. అమావాస్యకి పెద్దల పండగ. పోయినవాళ్ల బట్టలు పెట్టి, వాళ్లకి ఏమిష్టమో అది వండి, ఆకులో వడ్డించి నైవేద్యంగా ఎడె పెడతారు. బాగేపల్లాయన ఇది విని ఆశ్చర్యపోలేదు. "సచ్చినోళ్లకి యాడైనా ఆకలే కదమ్మా" అన్నాడు.

పండగ ముందురోజు పెద్దామె తన ఇంటి మెట్ల దగ్గర అరటాకులు తుడుస్తూ కూర్చుంది. మమ్మల్ని పిలిచి, మీకు పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగించింది. బాగేపల్లాయన తండ్రి పేరు చెప్పాడు. నేను అక్క అన్నాను.

"ఏం పని చేసేది?" అని పెద్దామె అడిగిందట.

మీలాగే దారం తీసేది అని చెప్పాను. ఆ పని వల్లే పోయిందని కూడా చెప్పాలనుకున్నాను. కానీ డెబ్బై ఏళ్లు వచ్చినా అదే పని చేస్తూ ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పించడానికి నోరు రాలేదు. పెద్దామె నా మోచేతి మీద చేయి వేసి, ఏదో మెల్లగా చెప్పింది. "మీ అక్క పొట్లం తనే కడతానంటోంది. దారం తీసేవాళ్లకి ఏమిష్టమో తనకి తెలుసట" అంది తరబేతు అమ్మాయి.

పండగ పొద్దున ఆ పొట్లం నా చేతిలో పెట్టారు. వెచ్చగా ఉంది. ఆకు కొస విప్పి చూశాను. జిగురన్నం, అరటిపండు ముక్క, నువ్వులూ బెల్లం కలిపిన పేలాల ఉండ. దాని పక్కన గుప్పెడు ఉడికిన పురుగులు.

ఆ పొట్లాన్ని పడేయకుండా పట్టుకోవడానికే నాకు చాలా బలం కావలసి వచ్చింది. నా ముందున్న వరసలో అందరూ గుడి ఆవరణలో చెట్ల కొమ్మలకీ, కంచె కర్రలకీ పొట్లాలు తగిలిస్తున్నారు. నేను బాగేపల్లాయన దగ్గరికి పోయి, "దీన్లో అదే పెట్టినారప్పా. అక్కని చంపింది అదే. తీసేయమని చెప్పాల" అన్నాను.

ఆయన పొట్లం వైపు చూశాడు, దూరంగా మా వైపే చూస్తున్న పెద్దామె వైపు చూశాడు.

"పెట్టనీలేమ్మా" అన్నాడు. "ఇంగ మీ అక్కకి ఊపిరి పట్టేదుందా?"

ఇంకెవరైనా అంటే ఆ మాట మోటుగా ఉండేది. ఆయన నెమ్మదిగా, లెక్క సరిచూసి చెప్పినట్టు చెప్పాడు. నేను ఆకుకొస మళ్లీ మడిచాను. పొట్లాన్ని ఒంటికి దూరంగా పట్టుకుని పోయి, ఒక కొమ్మకి తగిలించి, చెయ్యి నీళ్ల తొట్టి దగ్గర రెండుసార్లు కడుక్కున్నాను. వేళ్ల మధ్య దురద పెడుతున్నట్టు అనిపించింది. చూస్తే ఏమీ లేదు.

సన్యాసులు మంత్రాలు చదివారు. జనం చిన్న గిన్నెల్లోంచి నీళ్లు సన్నగా ధార వదిలారు, మన తర్పణం లాగే. తర్వాత మంటపంలో చాపల మీద అందరూ గుండ్రంగా కూర్చుని తినడం మొదలుపెట్టారు. మధ్యలో వెదురు బుట్టలో జిగురన్నం, చుట్టూ చిన్న చిన్న గిన్నెలు. తరబేతు అమ్మాయి వాటిని ఒక్కొక్కటే చూపించి అడిగి నాకు చెప్పింది. ఇది చేప, వద్దు. ఇది కోడి, వద్దు. ఇవి ఉడికిన ఆకులు. ఇది కారం, మాంసం లేదు, చేప లేదు.

ఆ కారం రోట్లో దంచినది. ఎర్రగా కాక మట్టిరంగులో ఉంది. కాల్చిన మిరపకాయల వాసన, వెల్లుల్లి వాసన. బాగేపల్లాయన వేలికి అద్దుకుని నాకి, "మన ఊరిబిండే కదమ్మా ఇది" అన్నాడు. ఊరు వదిలిన తర్వాత ఆయన ముఖం అంత వెలగడం అదే మొదటిసారి. "ఇంత సంగటి ఉంటే ఇంగేమీ అక్కర్లేదు."

అక్కడున్నవాటిలో అదే నిరపాయంగా కనిపించింది. జిగురన్నం కొంచెం తీసి వేళ్లతో ముద్ద చేశాను. అది చేతిలో రాగిముద్ద లాగే ఒదిగింది. కారంలో అద్ది నోట్లో పెట్టుకున్నాను. మా వైపు ముద్దని నమలరు. నాలుక మీద పెట్టుకుని మింగేస్తారు. నమిలితే పళ్లకి అంటుకుంటుంది, పైగా చూసినవాళ్లు నవ్వుతారు. బెంగుళూరు నుంచి వచ్చిన చుట్టాలు ముద్ద నమిలితే మేమంతా నవ్వినవాళ్లమే. అన్నమైనా సరే, చేతిలో ముద్దగా వచ్చేసరికి నా గొంతు దాన్ని ముద్దగానే తీసుకుంది. మింగాను. ఇంకోటి చేసి, అద్ది, మింగాను. ఆకలి వేసింది. అక్క కోసం పొద్దున్నుంచి ఏమీ తినలేదు. మూడోది కూడా మింగాను.

పెద్దామె అటు వైపు నుంచి వచ్చి నా పక్కన కూర్చుంది. నా వీపు నిమిరి, సంతోషంగా ఏదో చెప్పింది. తరబేతు అమ్మాయి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది.

"మీరు తింటుంటే తనకి చాలా తృప్తిగా ఉందట. ఆ రోజు కుండ దగ్గర మీకు చూడడానికి ఇష్టం లేదని గమనించిందట. పండగ రోజు అక్కకి పెట్టింది చెల్లెలు తినకపోతే బాగుండదని, మీకు కనిపించకుండా మెత్తగా దంచి..."

ఆ అమ్మాయి అక్కడ ఆగిపోయింది. నా ముఖంలో ఏం చూసిందో. నేను చేతిలో ఉన్న నాలుగో ముద్దని చాప మీద పెట్టాను. గిన్నెలోకి వంగి చూశాను. మిరప గింజల మధ్య గోధుమరంగు తునకలు ఉన్నాయి. పొట్టు లాంటివి. నమిలి ఉంటే మొదటి ముద్దకే తెలిసి ఉండేది.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. దాంట్లో మాంసం లేదు, చేప లేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు బాగేపల్లాయన.

"దీన్లో అదే ఉండాదప్పా."

ఆయన గిన్నె వైపు చూశాడు. నోట్లో ఉన్నది తువ్వాల్లోకి ఉమ్మేశాడు, తనకేమీ కాదని మరిచిపోయి. "ఎంత తిన్నావు?"

"మూడు."

"పా. కక్కేద్దువు పా."

మంటపం వెనక్కి పోయి నోట్లో వేళ్లు పెట్టుకున్నాను. నా తల పైన కొమ్మలకి పొట్లాలు వేలాడుతున్నాయి. ఒక ముద్ద దాదాపు మింగినట్టే బయటికి వచ్చింది. మిగతావి రాలేదు. ఆయన నా నుదురు పట్టుకుని, "ఇంగొకటి, ఇంగొకటి" అంటున్నాడు, ఆవుని ఈనించే మనిషిలాగా. నేను ఇంక రావడం లేదని చెయ్యి ఊపాను.

అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు, కాచుకుని ఉండడం తప్ప. గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఏమీ కాకపోవచ్చు అనుకున్నాను. గాటు మీద వేసిన చుక్క వేరు, ఉడికించి దంచింది వేరు అనుకున్నాను. డాక్టర్లు జాగ్రత్త కోసం ఎక్కువ చేసి చెబుతారు అనుకున్నాను. ప్రతి ఊపిరినీ లోపలికి పోతుండగా గమనించాను, బయటికి వస్తుండగా గమనించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అట్లా గమనించడం వల్లే సరిగ్గా లేవేమో అనిపించింది. మంటపంలో జనం తింటూ మాట్లాడుకుంటున్నారు. ఎవరో నవ్వారు.

"ఏమన్నా అయితాండాదా?" అన్నాడాయన.

"ఏమీ లేదు."

"నాలుక చూపించు."

చూపించాను. చూసి ఆయనకి ఏం తెలుస్తుందో తెలియదు, కానీ చూశాడు. "బాగానే ఉండాది. మా ఎద్దు నాలుక కంటే బాగుండాది" అన్నాడు.

అరచేతుల్లో మొదలైంది. దురద కాదు ముందు, వేడి. తర్వాత దురద. తర్వాత చెవుల వెనక. పై పెదవి నాది కానట్టు బరువెక్కింది. నేను చేతులు చూపించాను. ఆయన చూసి లేచి, మంటపం వైపు తెలుగులోనే కేక వేశాడు. "బండి. బండి తెప్పియ్యండి." ఎవరికీ భాష అర్థం కాలేదు. అందరికీ సంగతి అర్థమైంది.

వెనక తెరిచి ఉన్న ఒక బండిలో ఎక్కించారు. నా సంచిలో ఉన్న ఇన్‌హేలర్ ఆయన వెతికి తీసి తలకిందులుగా నా నోటికి పెట్టాడు. నేను తిప్పి పెట్టుకుని పీల్చాను. కొంచెం లోపలికి పోయింది. రెండోసారి పీలిస్తే నోట్లోనే ఆగిపోయింది. గొంతు ఉన్న చోట ఒక సన్నని గడ్డిపరక ఉన్నట్టు, ఆ పరక గుండా ఒళ్లంతటికీ సరిపోయే గాలి లాగాలన్నట్టు ఉంది. రెండు పక్కలా పచ్చటి వరి వెనక్కి పోతోంది. ఎంత దూరమని అడగాలనుకున్నాను. అడిగితే ఆ మాటకి అయ్యే గాలి మళ్లీ దొరకదని అడగలేదు.

"అమ్మా, వినిపిస్తాండాదా? వచ్చేసినాం. అదిగో ఊరు" అంటున్నాడు ఆయన. అక్కడ ఊరేమీ లేదు. తరబేతు అమ్మాయి ఏడుస్తోంది. నేను ఎవరికీ పలకలేదు. అప్పుడు నా చేతులు ఎక్కడున్నాయో చూసుకున్నాను. రెండు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి ఉన్నాను.

అక్క కూర్చున్నట్టే కూర్చుని ఉన్నాను.

ఆ మధ్యాహ్నం ఆమె పలకనందుకు, ఆమెకి స్పృహ తప్పిందని నేను నమ్మాను. కళ్లు నన్ను చూడనందుకు, బాధ తెలియడం లేదని నమ్మాను. నాకు అన్నీ వినిపిస్తున్నాయి. ఆయన మాట, ఇంజను, ఆ అమ్మాయి ఏడుపు. అన్నీ స్పష్టంగా తెలుస్తున్నాయి. పలకడానికి వీలు లేదు, అంతే. అక్కకి కూడా నేను నీళ్లు తాగుతావా అని అడిగినది వినిపించి ఉంటుంది. ఆటో వస్తోందన్నది వినిపించి ఉంటుంది. ఎక్కడి దాకా వచ్చిందో అడగాలని ఉండి ఉంటుంది. ఆ బండిలో నాకు కలిగిన భయం చావు గురించి ఒక్కటే కాదు. దీన్నంతా ఆమె చివరి దాకా స్పృహతోనే పడిందన్నది కూడా.

పల్లె ఆసుపత్రిలో ఒక్క నర్సే ఉంది. తరబేతు అమ్మాయి ఏం చెప్పిందో, నర్సు ఇంకేమీ అడగకుండా నా తొడ మీద బట్ట మీదే సూది వేసింది. గుండె తలుపు బాదినట్టు కొట్టుకుంది. చేతులు వణికాయి. కాసేపటికి ఆ గడ్డిపరక కొంచెం వెడల్పయింది. ఇంకాసేపటికి వాంతి అయింది. ముద్దలు బయటికి వచ్చాయి. బాగేపల్లాయన వరండాలోకి పోయి, గోడ వైపు తిరిగి నిలబడి చాలాసేపు ముఖం తుడుచుకున్నాడు.

సాయంత్రం పెద్దామె వచ్చింది. అంత దూరం ఎవరి బండి మీద వచ్చిందో. చేతిలో గంజి. నా ముందు ఒక చెంచా తను తాగి చూపించింది. తెల్లటి గంజి, అందులో ఇంకేమీ లేదు. నేను ఆ చెంచాని నోటి దాకా తీసుకుపోగలిగాను, నోట్లో పెట్టుకోలేకపోయాను. ఆమె బలవంతం చేయలేదు. క్షమించమనీ అడగలేదు, ఏడవలేదు. గంజి చల్లారేదాకా మంచం పక్కన కూర్చుని, గిన్నె తీసుకుని పోయింది. మరుసటి పొద్దున మళ్లీ తెచ్చింది. ఆరోజు తాగాను, గుటక గుటకకీ ఆగి, గొంతు ఏమంటుందో చూసుకుంటూ.

ఆ రోజే ఇంటికి ఫోను చేశాను. ముందురోజు రాత్రే చేద్దామని ఆయన అంటే నేను వద్దన్నాను. ఊపిరి ఆడక ఒక కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట ఫోనులో చెప్పకూడదు. నా గొంతు మామూలుగా వినపడే దాకా ఆగాను.

"తిన్నావామ్మా?" అంది అమ్మ.

"తిన్నాను."

"పండగంటివి. ఏం పెట్టినారు?"

"అన్నం, ఊరిబిండి."

"మన మాదిరే ఉండారు పాపం. నేను ఆడ పాములు గీములు తింటారేమో అని ఉంటి." కొంచెం ఆగి, "గొంతేంది అట్లుండాది?" అంది.

"ఇక్కడ వానలు. జలుబు చేసింది" అన్నాను. మాట మార్చడానికి, "షెడ్డు మూసేసినావా?" అని అడిగాను.

"యాడ మూసేది? గూళ్లు కొనేసినాం కదా. కూలోళ్లు దొరకరు, అందరూ బెంగుళూరికి పోతాండారు. మీ అక్క తొట్టి తావ నేనే కూర్చుంటాండా."

ఆమె ఆ మాట మామూలుగా చెప్పింది. మల్బరీ రేటు గురించి చెప్పింది, ఎవరింట్లోనో ఆవు ఈనిన సంగతి చెప్పింది. నేను ఆ సంగతులు వినడం మానేశాను. మాటకీ మాటకీ మధ్య వింటున్నాను. వాక్యం అయిపోయే చోట ఆమె ఆగుతోంది. ఆగిన చోట సన్నగా ఒక చప్పుడు వస్తోంది, లోపలికి లాగేటప్పుడు. ముందు లైనులో రొద అనుకున్నాను. లైనులో రొదైతే ఆమె మాట్లాడుతున్నప్పుడూ రావాలి. ఇది ఆమె మాట్లాడనప్పుడే వస్తోంది. ఊరి నుంచి బయలుదేరే రోజున కూడా ఆమె నాతో ఇట్లాగే ఆగి ఆగి మాట్లాడింది, నేను పక్కనే ఉన్నాను, అప్పుడది నా చెవికి పట్టలేదు. ముందురోజు బండిలో నా గొంతులోంచి వచ్చిన చప్పుడు ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు.

"అమ్మా, రాత్రిళ్లు పడుకుంటాండావా?" అన్నాను.

"పడుకోక ఏం చేస్తా. దిండు రెండు వేసుకుంటే బాగుంటాది."

కార్డులో డబ్బులైపోయి లైను తెగింది. నేను ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చాను. బాగేపల్లాయన అక్కడ బీడీ ముట్టించబోతూ నన్ను చూసి, అగ్గిపుల్ల ఆర్పేసి, బీడీని చెవి వెనక పెట్టుకున్నాడు.

"నేను ఊరికి పోతానప్పా. టికెట్టు ముందుకి జరపమని చెప్పాల."

"ఒళ్లు బాగలేదా మళ్లీ?"

"నాకు బాగుండాది. అమ్మకి పట్టింది."

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆమెకే తెలీదు."

ఆయన నన్ను తేరిపార చూశాడు. ముందురోజు భయం ఇంకా వదల్లేదేమో, అందుకే ఇట్లా మాట్లాడుతోందేమో అని ఆయనకి అనిపించి ఉంటుంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరే పా. ఆ తరబేతు పిల్ల యాడుందో చూద్దాం" అన్నాడు.